రొంటిన తెచ్చిన తొండ

తాళంచెవి

పల్నాడు నేను ఊళ్ళు చూడటానికి వెళ్ళలేదు. ఒక మనిషిని ఒక మాట అడగటానికి వెళ్ళాను. ఆ మనిషి పేరు గురవమ్మ, రాళ్ళు కొట్టే పని. ఆమె దొరక్కపోతే ఎలాగని సగం దారి, దొరికితే ఎలాగని మిగతా సగం దారి బెంగపడ్డాను. అలాంటి ప్రయాణంలో కూడా కంటికి కనిపించేవి కనిపిస్తూనే ఉంటాయి కనక, అటు వెళ్ళనివాళ్ళ కోసం రాస్తున్నాను.

ముందు నా గోల చెప్పాలి. నేను కోనసీమలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. ఐదేళ్ళుగా తొండల మీద పిహెచ్‌.డి. చేస్తున్నాను. మా బావమరిది పెళ్ళిలో నన్ను 'తొండల మాస్టారు' అని పరిచయం చేస్తే నవ్వనివాడు లేడు. నవ్వుకోనివ్వండి. మన ఒంట్లో ఒక పొయ్యి ఉంది, అన్నం తిన్నంత కాలం అది వెలుగుతూనే ఉంటుంది. తొండకు ఆ పొయ్యి లేదు. దాని వేడి అంతా ఎండది, రాయిది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కాళ్ళు ఆడవు, తిన్న చీమ అరగదు. ఒళ్ళు నల్లగా చేసుకుని రాతికి అతుక్కుని ఎండ కాగుతుంది. మధ్యాహ్నం రాయి కాలిపోతుంటే వేళ్ళు ఎత్తి నిలబడుతుంది, నోరు తెరుస్తుంది, నీడకు పరిగెడుతుంది. నీడ అందకపోతే కాసేపట్లోనే తిరగబడి పోతుంది. ఈ బతుకంతా ఎంత వేడి దగ్గర ఎలా నడుస్తుందన్నదే నా పని.

కిందటేడు జనవరిలో పది రోజులు, మే నెలలో పదిహేను రోజులు పిడుగురాళ్ల పక్కన ఒక సున్నపురాయి క్వారీలో తొండల వేడి కొలిచాను. సన్నటి గాజు థర్మామీటరు ఒకటి ఉంటుంది, తోక మొదట్లో పెడితే అరనిమిషంలో చెప్పేస్తుంది. పట్టేది మాత్రం గురవమ్మ. నేను పట్టబోతే అవి నన్ను చూసి తల ఊపి వెళ్ళిపోయేవి. ఆమె పై గట్ల మీద ఉచ్చు వేసి పట్టి తెచ్చేది, నేను కింద క్రషరు పక్కన కట్టిన పట్టా నీడలో కూర్చుని కొలిచి రాసుకునేవాణ్ణి.

అంకెలు చూసి మా గైడు గారు పొంగిపోయారు. చలికాలం పొద్దున రాయి ఎంత చల్లగా ఉన్నా, ఎండాకాలం మధ్యాహ్నం దాని మీద చెయ్యి పెట్టలేకపోయినా, తొండ మాత్రం ఎప్పుడూ ముప్పై ఆరు, మహా అయితే ముప్పై ఏడు. పల్నాడు తొండ ఎండనూ నీడనూ అంత నేర్పుగా వాడుకుంటుందని మేమిద్దరం తీర్మానించేశాం. తొండలకు నచ్చే వేడి మన ఒంటి వేడికి దగ్గరగానే ఉంటుంది, అందుకని ఎవరికీ అనుమానం రాలేదు. జనవరిలో వరసగా ఒక మూడు రోజులు మాత్రం అంకె ముప్పై తొమ్మిదికి ఎక్కింది. ఎందుకు ఎక్కిందో గాలి, మంచు, రాతి రంగు అన్నీ కలిపి నాలుగు పేజీలు రాశాను. థీసిస్ మొత్తంలో గైడు గారికి బాగా నచ్చినవి ఆ నాలుగు పేజీలే.

ఈ ఏడు మార్చి మొదట్లో థీసిస్ టైపు అవుతోంది. నెలాఖరుకు ఇచ్చెయ్యాలి. ఇస్తే రీడరు పోస్టు నాకు, ఇవ్వకపోతే నా వెనక నిలబడి ఉన్నాయనకు. ఒక సాయంత్రం మా ఆవిడ సుభద్ర బీరువా తాళంచెవి కోసం ఇల్లంతా వెతికి, చివరికి నడుము దగ్గర చీర మడతలోంచి తీసింది.

"రొంటిన దోపుకుని ఊరంతా వెతుకుతున్నా" అంటూ నా చేతిలో పెట్టింది. తాళంచెవి వెచ్చగా ఉంది.

అంతే. పరిగెత్తి జనవరి నోటుబుక్కు తీశాను. నాకు గుర్తున్నట్టే ఉంది. నా గుండ్రటి దస్తూరీలో, నాలుగు చోట్ల: 'రెంటినే తెచ్చా అంది. ఒకటే ఉంది. రెండోది దారిలో తప్పించుకుని ఉండాలి.' క్రషరు రొదలో నేను విన్నది రెంటినే. ఆమె అన్నది రొంటినే అయితే? ఐదేళ్ళ కష్టంలో నేను కొలిచింది తొండల్నా, గురవమ్మ నడుం మడతనా?

తొండను ఎవరైనా రొంటిన పెట్టుకుంటారా అని సుభద్ర ముఖం చిట్లించింది. ఆ మాట పట్టుకుని ఒక రాత్రి నిద్రపోయాను. తెల్లారి కాఫీ ఇస్తూ, సంచిలో వేసుకుంటే పెట్టుకోవచ్చేమో అంది. ఆ రోజే బయలుదేరాను.

నరసరావుపేట

గుంటూరు దాటాక మీటరు గేజి రైలు పెట్టెలో ఊపిరి పీల్చుకుంటే తుమ్ము వచ్చేది. పట్టాలకు అటూ ఇటూ కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. మా వైపు ఈ నెలలో కాలవ గట్టున నడిస్తే తడి వాసన, ఇక్కడ కంట్లో మంట. కోటప్పకొండ తిరునాళ్ళ అయిపోయిన వారం. ప్రభలు కట్టిన వెదురుగడలు విప్పి బండ్ల మీద ఇళ్ళకు తోలుకుపోతున్నారు.

నా ఎదురుగా కూర్చున్న రైతు ఏ ఊరు, ఏం పని, ఎంత జీతం, పిల్లలెందరు అని స్టేషను దాటకముందే అడిగేశాడు. మా ఊళ్ళో ఇవన్నీ అడగటానికి రెండేళ్ళు పడుతుంది, చివర 'అండి' కూడా తగిలిస్తారు. ఇక్కడ ఒక్క 'అండి' లేదు, అయినా ఆయన తన సంచిలోంచి వేరుశనక్కాయలు తీసి నా ఒళ్ళో పోశాడు. తొండల పని మీద వెళ్తున్నానంటే పక్కాయన వైపు తిరిగి, "సర్కారు వాళ్ళకి ఎండలో తిరగను ఏదో ఒకటి కావాలిలే" అన్నాడు. నేను సర్కారు వాణ్ణి కానని చెప్పాను, నమ్మలేదు.

పేటలో దిగి మెస్సులో భోంచేశాను. నాలుగు రూపాయలు, ఆకు నిండా అన్నం. గోంగూర పచ్చడి మొదటి ముద్దకే కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. వడ్డించే పెద్దావిడ నా ముఖం చూసి అడగకుండానే గడ్డపెరుగు వేసింది. ఏ ఊరు నాయనా అంది. చెప్పాను. కొబ్బరి తిని పెరిగిన నాలిక, ఏం చేస్తుంది పాపం అని ఇంకో గరిటె వేసింది. నాకు ఏడుపు వచ్చింది కారానికేనని ఆవిడ అనుకుంది, నేనూ అలాగే ఉండనిచ్చాను. ఆకు ముందు కూర్చుని కూడా నేను లెక్కలే వేస్తున్నాను. గట్టు మీద తొండ పట్టి కింద నా దగ్గరికి తేవడానికి ఎంతసేపు? సంచిలో, రొంటిన, ఎంతసేపుంటే తొండకు మనిషి వేడి వస్తుంది? తాళంచెవికి పట్టిన సేపే కదా.

పిడుగురాళ్ల

ఇక్కడ అన్నీ తెల్లగా ఉంటాయి. సున్నపు బట్టీల పొగ, లారీల వెనక లేచే దుమ్ము, చెట్ల ఆకులు, మనుషుల కనుబొమలు. టీ కొట్టువాడు గ్లాసు కడిగి ఇచ్చేలోపే దాని మీద సన్నటి పొడి వాలింది. కిందటేడు వచ్చినప్పుడు ఇదంతా నాకు సరదాగా ఉండేది.

క్వారీలో గురవమ్మ లేదు. ఆ ముఠానే లేదు. మేస్త్రి సైదులు నన్ను గుర్తుపట్టి మంచం వాల్చాడు. ఈ గుంటలో రాయి అయిపోయిందట, వాళ్ళంతా మాచర్ల దగ్గర నాపరాళ్ళ పనికి వెళ్ళి రెండు నెలలైందట. ఊరి పేరు మాత్రం తెలియదు, గురజాలలో వాళ్ళ వదిన ఉందని, ఆమెనడిగితే చెబుతుందని అన్నాడు. నేను డొంకతిరుగుడుగా అడిగాను, ఆ తొండల్ని గురవమ్మ ఎలా పట్టుకొచ్చేదో నువ్వు చూశావా అని.

"నేను రాళ్ళు చూసుకోవాలా, తొండల్ని చూసుకోవాలా?" అన్నాడు.

నిజమే. చూసుకోవలసింది నేను. ఆ మాటకు ఒళ్ళు మండి, పై గట్టు మీదికి నేనే ఎక్కుతానని బయలుదేరాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, పాతిక రోజులు ఆ క్వారీలో కూర్చున్నవాణ్ణి, ఆ గట్టు ఎక్కటం అదే మొదటిసారి. ఎక్కడం ఎలాగో ఎక్కాను. దిగేటప్పుడు తెలిసింది. రెండు చేతులూ రాతికే కావాలి. ఉచ్చు కట్టిన పుల్లకు తొండను వేలాడదీసి ఆ దారిన దిగటం ఎవరి వల్లా కాదు. సగంలో కాలు జారి, మోకాలు చెక్కుకుపోయి, కొత్త చెప్పు ఒకటి కింద నీళ్ళ గుంటలో పడింది. కింద పక్క గుంటలో పనిచేస్తున్న ఆడవాళ్ళు పని ఆపి చూశారు, ఒకావిడ చెప్పు తీసి ఇచ్చింది. దెబ్బ తగిలిందా అని అడిగారు. తగిలింది మోకాలికి కాదని వాళ్ళకెలా చెప్పను? నేను పైనుంచి కిందికి రావటానికి అరగంట దాటింది. ఆమె అలవాటున్న మనిషి, పావుగంట అనుకుందాం. పావుగంట చాలు.

గురజాల

గురజాలలో పొద్దున్నే గురవమ్మ వదినను వెతికి పట్టుకున్నాను, ఆమె ఊరి పేరు చెప్పింది. బస్సు పదకొండు దాటితే కాని లేదు. కోర్టు ఉన్న ఊరు కదా, కాఫీ హోటల్లో బెంచీలన్నీ వాయిదాల జనం. ఇడ్లీ రూపాయి, దాంతో పాటు వచ్చే పొలం తగాదాల కథలు ఉచితం.

ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుందని థర్మామీటరు, ఉచ్చుపుల్ల తీసుకుని ఒక పాత రాతిగోడ దగ్గరికి వెళ్ళాను. ఉచ్చుకు నేను మా ఊరి కొబ్బరి ఈనె వాడతాను, చివర నైలాను దారం ముడి. ఎండ అప్పుడే గోడ అంచుకు తగులుతోంది. నీరసంగా ఉన్న తొండ కనక నా చేతికి కూడా చిక్కింది. ఇరవై నాలుగు. గంట తరవాత ఎండలో ఇంకొకటి, ముప్పై ఎనిమిది. తుమ్మచెట్టు నీడలో ఇంకొకటి, ముప్పై ఒకటి. మూడు తొండలు, మూడు అంకెలు. ముప్పై ఆరు ఒక్కదానికీ లేదు. నాలుగోదాని కోసం గోడ మీదుగా తల పెట్టేసరికి అవతల పెరట్లో ఒకావిడ జడ వేసుకుంటోంది. తరవాత జరిగింది రాయను. గోడ ఇవతలికి వచ్చిన ఆవిడ అన్నగారికి థర్మామీటరు చూపించి, తొండను చూపించి, మా కాలేజీ కార్డు చూపించి బయటపడ్డాను.

ఆ గొడవ సర్దింది ఒక ప్లీడరు గారి గుమాస్తా. తెల్ల పంచె, చెవిలో పెన్సిలు. నన్ను హోటలుకు తీసుకుపోయి కాఫీ ఇప్పించి, మీ వాయిదా ఎప్పుడన్నాడు. ఈ నెలాఖరుకు అన్నాను. నాది కూడా వాయిదా లాంటిదే కదా. సంగతంతా విన్నాడు. తొండ అన్న చోట కూడా నవ్వలేదు. సాక్షిని అడిగే పద్ధతి తెలుసా అని అడిగి, ఆయనే చెప్పాడు.

"నీకు కావలసిన జవాబు ప్రశ్నలోనే పెట్టి అడుగు. ఉచ్చుకి కట్టే తెచ్చావు గదమ్మా అను. పెద్ద సారు అడిగాడని 'ఆ' అంటుంది. ఎవరూ అబద్ధం ఆడినట్టు గాదు, నీ పని అయిపోద్ది."

నాకు అంతవరకూ ఆ ఆలోచన రాలేదు. వచ్చాక పోలేదు. బస్సులో మాచర్ల దాకా ఆ ప్రశ్నను మనసులో ఎన్ని రకాలుగా అడిగి చూసుకున్నానో. చెప్పొద్దూ, ప్రాణం కొంచెం కుదుటపడింది.

మాచర్ల దాటి

మాచర్ల బస్టాండులో గోలీసోడా తాగి, ఒక ట్రాక్టరు మీద నాపరాళ్ళ గుంటల దగ్గరికి చేరాను. ఇక్కడి రాయి పలకలు పలకలుగా లేస్తుంది. మా ఊళ్ళో అరుగులకు వేసేది ఇదే రాయి, ఇది ఎక్కడినుంచి వస్తుందో ఎప్పుడూ అడగలేదు. మధ్యాహ్నం రెండు గంటలు. గాలి కదలటం లేదు. మార్చి నెలకే ఇంత ఎండ అయితే మేలో ఇక్కడ మనుషులు ఏమవుతారోనని, కిందటి మేలో సగం నెల ఇలాంటి చోటే గడిపినవాణ్ణి, కొత్తగా ఆశ్చర్యపోయాను. పట్టా నీడ గొప్పతనం అది.

గురవమ్మ దూరం నుంచే గుర్తుపట్టింది. నలభై దాటిన మనిషి, బక్కపలచన, నెత్తిన తుండుగుడ్డ. మొగుడు ఏడుకొండలు సమ్మెట పక్కన పెట్టి వచ్చి నమస్కారం పెట్టాడు. మళ్ళీ తొండలు కావాలా అని అడిగాడు. అందరికీ నవ్వు. నీడలో కూర్చోబెట్టి కుండలో నీళ్ళు ఇచ్చారు. గురవమ్మ తన మూట విప్పి జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ పచ్చడి నా చేతిలో పెట్టింది. తినకపోతే ఊరుకోదు.

నేను అడిగేశాను. గుమాస్తా నేర్పినట్టే, ముఖాన నవ్వు కూడా పులుముకుని.

"కిందటేడు తొండల్ని ఉచ్చుకు కట్టే తెచ్చేదానివి కదా గురవమ్మా?"

"ఆ సారూ" అంది, పచ్చడి ఇంకొంచెం వేస్తూ.

అయిపోయింది. మూడు రోజుల భయం ఒక్క 'ఆ'తో తీరిపోయింది. ఇప్పుడు లేచి బస్సు ఎక్కితే ఎల్లుండికి ఇంట్లో ఉంటాను, నెలాఖరుకు థీసిస్ ఇస్తాను. సాక్షి చెప్పింది, నేను విన్నాను. రొట్టె ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాను. గురజాల గోడ మీది ఇరవై నాలుగు కళ్ళ ముందు నిలబడింది. పిడుగురాళ్ల గట్టు మీద రెండు చేతులతో రాయి పట్టుకుని దిగటం గుర్తొచ్చింది. గురవమ్మ నా ముఖమే చూస్తోంది, ఇంకేం కావాలో అడిగితే ఇచ్చేద్దామన్నట్టు.

నీళ్ళు తాగి, ఈసారి నవ్వకుండా అడిగాను. నాకు కోపం రాదు, నీకు ఏ నష్టమూ రాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పు, పై నుంచి ఎలా తెచ్చేదానివి అని.

ఆమె ఒకసారి మొగుడి వైపు చూసింది. తరవాత నడుం దగ్గర నుంచి చిన్న గుడ్డసంచి తీసింది. వక్కాకు సంచి, మూతికి దారం, నూనె పట్టి నల్లబడింది.

"ఉచ్చుతోనే పట్టేదాన్ని సారూ. దిగేటప్పుడు రెండు చేతులూ కావాలిగా? ఆకులు తీసేసి దీంట్లో ఏసి రొంటిన దోపుకునేదాన్ని. నీకు చెప్పా గదా. చెప్పినప్పుడల్లా పుస్తకంలో రాసుకున్నావు."

రాసుకున్నాను, అవును. నాలుగుసార్లు చెబితే నాలుగుసార్లూ గుండ్రంగా రాసుకున్నాను. దాచిందీ లేదు, అబద్ధమాడిందీ లేదు. ఇంతకు ముందు 'ఆ' అన్నది కూడా ఉచ్చుతో పట్టిన సంగతి అడిగాననుకునే. రొంటిన కాక ఇంకెక్కడ పెట్టుకుంటుంది? ఆ మనిషి విలువైనవన్నీ పెట్టుకునే చోటు అదొక్కటే. చిల్లర డబ్బులు, వక్కాకు, నా తొండలు. అక్కడైతే ఒత్తుకోకుండా, జారిపోకుండా భద్రంగా వస్తాయని పెట్టింది.

ఐదేళ్ళు పోయాయి. ఏడ్వాలో నవ్వాలో తెలియక నోటుబుక్కు తీసి ఊరికే తిరగేస్తున్నాను. ముప్పై ఆరు, ముప్పై ఆరున్నర, ముప్పై ఆరు. ఇవన్నీ గురవమ్మే. ఎండలో గురవమ్మ, చలిలో గురవమ్మ. అలా తిప్పుతూ జనవరిలో ఆ మూడు రోజుల పేజీ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది.

అడగటానికి భయం వేసింది. ఈ మూడు రోజుల్లోనూ అన్నిటికంటే ఎక్కువ భయం వేసింది అప్పుడే. మెల్లగా అడిగాను, కిందటేడు చలికాలంలో, నేను ఉన్నప్పుడు, నీకు ఒంట్లో ఏమైనా బాగాలేదా అని.

ఆమెకు వెంటనే గుర్తొచ్చింది. చలిజొరం అంది. మూడు రోజులు ఒళ్ళు కాలిపోయిందంది. ఏడుకొండలు కల్పించుకుని, వద్దన్నా వినకుండా గట్టు ఎక్కింది సారూ, నువ్వు చీకటితోనే వచ్చి కూర్చునేవాడివిగా, తొండ లేకపోతే నీ ముఖం మాడిపోయేది అన్నాడు. నా ముఖం ఎలా ఉండేదో నాకు తెలుసు.

"నీ కాడ జొరంపుల్ల ఉందిగా" అంది గురవమ్మ. "తొండలకే చూస్తున్నాడు, నాకూ చూస్తాడేమో అనుకున్నా. అడగాలంటే మొహమాటమేసింది. నువ్వు వంచిన తల ఎత్తకుండా రాసుకుంటా ఉన్నావు."

ఆ పేజీ ఆమె ముందు పెట్టాను. ఆమెకు చదువు రాదు. వేలు పెట్టి అంకెలు చదివి చెప్పాను. మొదటి రోజు ముప్పై ఎనిమిదిన్నర. రెండో రోజు ముప్పై తొమ్మిది. మూడో రోజు ముప్పై తొమ్మిది దాటింది. ఇవి తొండలవి కావు, నీవేనని చెప్పాను.

"అంటే జొరమేనా?" అంది.

"జ్వరమే. బాగా ఎక్కువ."

ఆమె ఆ అంకెల మీద తనూ వేలు పెట్టి చూసింది.

"మరి అప్పుడే చెప్పలేదేంది సారూ?"

కోపంగా అనలేదు. తెలుసుకుందామనే అడిగింది. ఆమె జ్వరం మీద నాలుగు పేజీలు రాశాను, టైపు కూడా చేయించాను, ఆమెకు ఒక్క ముక్క చెప్పలేదు. ఇది ఆమెకు చెబితే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. చేతిలో ఉన్న రొట్టె మొత్తం తినేశాను. అదొక్కటే నేను చేయగలిగిన మర్యాద అనిపించింది.

మాచర్ల బజారు

ఆ సాయంత్రం మాచర్లలో ఒక ఇన్‌లాండ్ కవరు కొని గైడు గారికి ఉన్న సంగతంతా రాశాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక 'తమరు క్షమించాలి' అని మూడుసార్లు రాసి కొట్టేశాను. ఆయన జవాబు నేను ఇల్లు చేరిన వారానికి వచ్చింది. రెండే వాక్యాలు. ఆ నాలుగు పేజీలు చింపెయ్, మళ్ళీ మొదలుపెట్టు. రీడరు పోస్టు సంగతి ఆయన రాయలేదు, నేనూ అడగలేదు. అది నా వెనకాయనకు వెళ్ళింది. సుభద్ర మాత్రం సంగతంతా విని, ఆ గురవమ్మకు ఇప్పుడెలా ఉందట అని అడిగింది. గైడు గారికి తట్టని ప్రశ్న ఆవిడకు తట్టింది.

మాచర్లలో ఆ సాయంత్రం ఉత్తరం డబ్బాలో వేసి వస్తుంటే మందుల షాపు కనిపించింది. లోపలికి వెళ్ళాను. షాపతను ఎవరికి జ్వరమన్నాడు. ఎవరికీ కాదన్నాను. అతను వింతగా చూసి కాగితంలో చుట్టి ఇచ్చాడు.

రాయి మీద పొద్దు

మర్నాడు తెల్లారేసరికి మళ్ళీ గుంటల దగ్గరికి వెళ్ళాను. రోజంతా కాలిన రాయి రాత్రికి చల్లబడి మంచులో తడిసి ఉంది. ఈసారి నేను పట్టా నీడ అడగలేదు. గురవమ్మ ముందు, నేను వెనక గట్టు ఎక్కాం. నా కొబ్బరి ఈనె చూసి పనికిరాదని తీసి పారేసింది. సజ్జదంటు కొనకు దారం కట్టి ఇచ్చింది. ఎదురుగా వెళ్ళకూడదట, నీడ దాని మీద పడకూడదట. రెండుసార్లు తప్పి మూడోసారి ఒకటి చిక్కింది. నల్లగా, చదునుగా రాతికి అతుక్కుని ఉంది. తీసింది తీసినట్టే, అక్కడే, రాయి మీదే నా గాజుపుల్ల పెట్టాను. ఇరవై రెండు. క్వారీ గట్టు మీద నేను నిజంగా కొలిచిన మొదటి తొండ అదేనని చెప్పాలి.

వదిలేస్తే అది కదల్లేక కదిలి పగులులోకి పాకింది. మేం రాయి మీద కూర్చున్నాం. ఎండ ఇంకా మా కాళ్ళ దాకా రాలేదు. కింద సమ్మెటల మోత ఇంకా మొదలవలేదు, ఒకరి మాట ఒకరికి బాగా వినపడుతోంది. నేను సంచిలోంచి రెండో థర్మామీటరు, ముందు రోజు కొన్నది, తీసి విదిలించాను.

"ఏంది సారూ, ఒకదానికి రెండు పుల్లలా?" అంది.

"ఈసారి రెంటినీ తెచ్చా" అన్నాను.

ఆమెకు ఆ మాటలో నాకున్న బాధ తెలియదు. నవ్వి పుల్ల చంకలో పెట్టుకుంది. నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. ఎండ మా మోకాళ్ళ మీదికి వచ్చింది. పగులు అంచున ఆ తొండ మళ్ళీ బయటికి వచ్చి తల ఊపింది. పుల్ల తీసి వెలుగుకు పట్టి చూశాను. ముప్పై ఆరున్నర.

"నీకు జ్వరం లేదు గురవమ్మా" అని ముందు ఆమెకు చెప్పి, తరవాత రాసుకున్నాను.